జార్జి వెస్టింగ్‌హౌస్

జార్జి వెస్టింగ్‌హౌస్ (అక్టోబరు 6, 1846 - మార్చి 12, 1914) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ ఆవిష్కర్త, యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. రైళ్ళకు వాయు బ్రేకును (ఎయిర్ బ్రేకు) రూపొందించి రైలు ప్రయాణాన్ని సురక్షితం చేసిన వ్యక్తిగాను, ఏకాంతర విద్యుత్తును అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చిన వ్యక్తిగాను ఇతడు చరిత్రలో నిలిచాడు. ఇతని పేరిట 361 పేటెంట్లు ఉన్నాయి. లాగబడే ప్రతి పెట్టెకు దాని బ్రేకు దానికే ఉండాలనీ, బ్రేకు వ్యవస్థ చెడిపోతే బండి ఆగాలే తప్ప అదుపు తప్పి పరుగెత్తకూడదనీ ఇతడు ఆచరణలో నిరూపించాడు. రైళ్ళే కాక బరువు లాగే లారీలు, కార్ల వెనుక తగిలించే విడిది బండ్లు (క్యాంపర్ ట్రైలర్లు) కూడా నేడు ఈ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి.

బాల్యము, విద్యాభ్యాసము

వెస్టింగ్‌హౌస్ న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ బ్రిడ్జి అను గ్రామంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా జార్జి వెస్టింగ్‌హౌసే. తల్లి ఎమెలిన్ వెడర్. తండ్రి వ్యవసాయ యంత్రాలను తయారుచేసే కర్మాగారానికి యజమాని. 1856లో కుటుంబం స్కెనెక్టడీ పట్టణానికి తరలివెళ్ళింది. బాలుడైన జార్జికి పాఠశాల చదువు మీద కంటె తండ్రి కర్మాగారంలోని పనిముట్ల మీద మక్కువ ఎక్కువ. లోహమును కోయడం, తరిమెన పట్టడం, ఆవిరి యంత్రమును నడపడం వంటి పనులన్నీ అక్కడనే నేర్చుకున్నాడు.

అమెరికా అంతర్యుద్ధము మొదలైనపుడు ఇతని వయస్సు పదిహేనేండ్లు నిండలేదు. సైన్యంలో చేరాలని ఉబలాటపడగా తల్లిదండ్రులు వారించి వెనుకకు రప్పించారు. 1863లో వారి అనుమతితో అశ్విక దళంలో చేరాడు. 1864 చివరలో నౌకాదళానికి మారి, యుద్ధనౌకపై సహాయక ఇంజనీరుగా పనిచేశాడు. 1865లో యుద్ధం ముగిసిన పిదప ఇంటికి తిరిగివచ్చి యూనియన్ కళాశాలలో చేరాడు గాని, తరగతి గదిలో మనస్సు నిలువక కొద్ది నెలలకే చదువు మాని తండ్రి కర్మాగారంలో చేరిపోయాడు. అదే సంవత్సరం, పందొమ్మిదేండ్ల వయస్సులో, గుండ్రంగా తిరిగే ఒక రకపు ఆవిరి యంత్రమునకు తొలి పేటెంటు పొందాడు.

తొలి ఆవిష్కరణలు, వివాహము

ఆ కాలంలో రైలు పెట్టెలు పట్టాలు తప్పడం తరచుగా జరిగేది. ఒక్కొక్క పెట్టెను తిరిగి పట్టాల మీదికి ఎక్కించడానికి గంటల కాలం పట్టేది. పెట్టెలను సులభంగా పట్టాలెక్కించే ఒక సాధనాన్ని, పట్టాలు ఒకదానినొకటి దాటే చోట వాడే మన్నికైన ఉక్కు భాగాన్ని వెస్టింగ్‌హౌస్ రూపొందించాడు. వీటిని అమ్మడానికి ఊరూరా తిరగడం వలన రైళ్ళ నిర్వహణలోని కష్టనష్టాలు ఇతనికి స్వానుభవంతో తెలిశాయి.

రైలు ప్రయాణంలోనే పరిచయమైన మార్గరెట్ ఎర్‌స్కిన్ వాకర్‌ను 1867 ఆగస్టు 8న వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు. ఉక్కు సామగ్రిని చవకగా పోత పోయించుకొనుటకై 1868లో పిట్స్‌బర్గ్ నగరం చేరిన ఇతనికి, తరువాతి జీవితమంతా ఆ నగరమే కార్యక్షేత్రమైంది.

బ్రేకు ఆలోచనకు మూలము

1866 ప్రాంతంలో స్కెనెక్టడీ, ట్రాయ్ పట్టణాల మధ్య ప్రయాణిస్తుండగా, ముందు రెండు సరుకు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొన్నందున వెస్టింగ్‌హౌస్ ఎక్కిన రైలు నిలిచిపోయింది. మంచి వెలుతురులో, చదునైన తిన్నని మార్గంలో జరిగిన ప్రమాదమది. డ్రైవర్లిద్దరూ ఒకరి రైలును మరొకరు చూచారు. అయినా ఆపడానికి వ్యవధి చాలలేదు. లోపము మనుషులది కాదు, బ్రేకులది అని అతడు గ్రహించాడు.

అప్పటి పద్ధతిలో ప్రతి పెట్టెకు చేతితో త్రిప్పే చక్రమొకటి ఉండేది. డ్రైవరు ఈల వేసి సంకేతమివ్వగానే బ్రేకుమెన్ అనబడే కార్మికులు ఆ చక్రాలను ఒక్కొక్కటిగా త్రిప్పి బ్రేకులు బిగించేవారు. సరుకు రైళ్ళలో ఈ చక్రాలు పెట్టెల పైకప్పుల మీద ఉండేవి. రైలు పరుగెత్తుతుండగా, మంచు కురిసే రాత్రులలో సైతం, బ్రేకుమెన్ ఒక పెట్టె కప్పు మీది నుండి మరొక దాని మీదికి దాటుతూ పోవాలి. కాలు జారి పడినవారు, తక్కువ ఎత్తు గల వంతెనలు తగిలి మరణించినవారు ఎందరో. ఇంతటి సాహసం చేసినా బ్రేకులన్నీ ఒకేసారి పడేవి కావు. ముందు పెట్టెకు బ్రేకు పడి వెనుక పెట్టెకు పడకపోతే, వెనుకది ముందుదానిని గుద్దేది.

మొదట వెస్టింగ్‌హౌస్ రైలు పొడవునా సాగే గొలుసుతో బ్రేకు వేయించాలని తలచాడు. పెట్టెలు ఎక్కువైతే గొలుసు పనిచేయదని తేలింది. ఆవిరిని గొట్టం ద్వారా పెట్టెలకు పంపాలనుకున్నాడు. దూరం పోయేకొద్దీ ఆవిరి చల్లబడి నీరవుతుంది కనుక అదీ కుదరలేదు. ఆ రోజులలో ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో మాంట్ సెనీ సొరంగమును తవ్వే యంత్రాలు సంపీడిత గాలితో నడుస్తున్నాయని ఒక పత్రికలో చదివాడు. గాలి చల్లబడినా నీరు కాదు. సొరంగం లోపలికి అంత దూరం పంపగలిగినపుడు, రైలు చివరి పెట్టె వరకు ఎందుకు పంపరాదు అన్న ఊహ అతనికి తట్టింది.

తొలి వాయు బ్రేకు

తొలి వాయు బ్రేకు నిర్మాణం సరళమైనది. రైలింజనుపై ఆవిరితో నడిచే గాలి పంపు ఒకటి, గాలిని నిలువ చేసే పెద్ద తొట్టె ఒకటి ఉంటాయి. తొట్టె నుండి ఒక గొట్టం రైలు పొడవునా పోతుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య రబ్బరు గొట్టాలు ఉంటాయి. ప్రతి పెట్టె క్రింద పిస్టను గల ఒక సిలిండరు ఉంటుంది. డ్రైవరు కవాటమును త్రిప్పగానే గాలి గొట్టం గుండా సిలిండర్లలోకి పోయి పిస్టన్లను నెడుతుంది. పిస్టన్లు తులాదండాల ద్వారా బ్రేకు దిమ్మలను చక్రాలకు అదుముతాయి.

ఈ ఊహను రైలు కంపెనీలు తొలుత ఆదరించలేదు. పిట్స్‌బర్గ్‌కు చెందిన రాల్ఫ్ బాగలీ అను మిత్రుడు ధనసహాయం చేశాడు. చివరకు పాన్‌హాండిల్ రైలు మార్గంవారు, బ్రేకు అమర్చే ఖర్చు వెస్టింగ్‌హౌసే భరించాలన్న షరతుపై, ఒక ఇంజనును నాలుగు పెట్టెలను ప్రయోగానికి ఇచ్చారు. రైలు పిట్స్‌బర్గ్ నుండి బయలుదేరి సొరంగం దాటగానే, దారి దాటే చోట పట్టాల మీద ఒక గుర్రపు బండి డ్రైవరు డేనియల్ టేట్ కంటబడింది. బండి తోలేవాడు పట్టాల మీద పడి ఉన్నాడు. టేట్ వెంటనే కవాటం త్రిప్పాడు. రైలు ఆ మనిషికి కొద్ది అడుగుల దూరంలో ఆగింది. పెట్టెలలోని ప్రముఖులు ఆసనాల మీది నుండి క్రింద పడ్డారు గాని, కారణం తెలిసిన పిమ్మట వారికి వేరే నిదర్శనం అవసరం లేకపోయింది.

1869 ఏప్రిల్ 13న ఈ బ్రేకుకు పేటెంటు లభించింది. అదే సంవత్సరం వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ స్థాపించబడింది. అప్పటికి ఇతని వయస్సు ఇరువది రెండేండ్లు.

స్వయంచాలక బ్రేకు

తొలి బ్రేకు బాగా అమ్ముడుపోయినా, దానిలోని రెండు లోపాలను వెస్టింగ్‌హౌస్ గుర్తించాడు. మొదటిది, గాలి ముందు పెట్టెలకు త్వరగాను, వెనుక పెట్టెలకు ఆలస్యంగాను చేరేది. రెండవది మరింత ప్రమాదకరమైనది. గొట్టం పగిలినా, కొక్కెం ఊడి రైలు రెండు ముక్కలైనా, గాలి బయటకు పోయి ఏ పెట్టెకూ బ్రేకు పడేది కాదు. అనగా అత్యవసరమైన వేళలోనే బ్రేకు చేతికి అందకుండా పోయేది.

దీనికి పరిష్కారంగా 1872లో అతడు స్వయంచాలక వాయు బ్రేకుకు పేటెంటు పొందాడు. ఇందులో మునుపటి పద్ధతి తలక్రిందులైంది. ప్రతి పెట్టెకు సొంత గాలి తొట్టె, ట్రిపుల్ వాల్వు అను మూడు పనుల కవాటము అమర్చబడ్డాయి. రైలు నడుస్తున్నంతసేపు గొట్టంలో గాలి పీడనం నిలిచి ఉంటుంది. ఆ పీడనం పెట్టెలోని తొట్టెను నింపుతూ, బ్రేకును విడిచి ఉంచుతుంది. డ్రైవరు బ్రేకు వేయదలచినపుడు గొట్టంలోనికి గాలి పంపడు, గొట్టంలోని గాలిని కొంత బయటకు వదులుతాడు. పీడనం తగ్గడం గమనించిన కవాటము, పెట్టె తొట్టెలోని గాలిని సిలిండరులోనికి పంపి బ్రేకు వేస్తుంది. తిరిగి గొట్టంలో పీడనం పెరిగితే సిలిండరులోని గాలి బయటకు పోయి బ్రేకు విడుతుంది.

గొట్టం పగిలితే పీడనం పడిపోతుంది కనుక బ్రేకు దానంతటదే పడుతుంది. రైలు రెండుగా తెగితే రెండు ముక్కలూ ఆగుతాయి. చెడిపోవడమే ఆగడానికి కారణమయ్యే ఈ ఏర్పాటును భద్రతా శాస్త్రంలో అత్యుత్తమ ఉదాహరణలలో ఒకటిగా చెబుతారు.

ఇంగ్లాండులో పరీక్షలు, అర్మా దుర్ఘటన

1870వ దశకంలో వెస్టింగ్‌హౌస్ పలుమార్లు ఐరోపా పర్యటించాడు. బ్రిటనులో అప్పటికి అనేక రకాల బ్రేకులు పోటీలో ఉన్నాయి. వాటిలో గాలిని తోడివేసి పనిచేయించే వాక్యూమ్ బ్రేకు ముఖ్యమైనది. 1875లో న్యూఆర్క్ వద్ద జరిగిన అధికారిక పరీక్షలలో వెస్టింగ్‌హౌస్ స్వయంచాలక బ్రేకు ఉత్తమ ఫలితాలను చూపింది. అయినప్పటికీ పలు రైలు కంపెనీలు ఖర్చుకు వెరచి, స్వయంచాలకం కాని సాధారణ వాక్యూమ్ బ్రేకులనే వాడుతూ వచ్చాయి.

దాని ఫలితం 1889 జూన్ 12న ఐర్లాండులోని అర్మా పట్టణం వద్ద కనబడింది. విహారయాత్రకు బయలుదేరిన రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. దానిని రెండు భాగాలుగా విడదీసి తీసుకుపోవాలని సిబ్బంది నిశ్చయించారు. ఆ రైలుకు ఉన్నది స్వయంచాలకం కాని బ్రేకు. గొట్టం విడదీయగానే వెనుక పెట్టెలకు ఆ బ్రేకు లేకుండా పోయింది. చేతి బ్రేకు, చక్రాల క్రింద పెట్టిన రాళ్ళు చాలలేదు. పెట్టెలు వెనుకకు జారి, వేగం పుంజుకొని, వెనుక వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు. వారిలో పిల్లలు అనేకులు. ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణీకుల రైళ్ళన్నిటికీ, అన్ని పెట్టెలకూ వర్తించే స్వయంచాలక బ్రేకులను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. వెస్టింగ్‌హౌస్ 1872లోనే సవరించిన లోపమును చట్టం గుర్తించడానికి పదిహేడేండ్లు, ఇన్ని ప్రాణాలు పట్టాయి.

గాల్టన్ ప్రయోగాలు

బ్రేకు వేసే శక్తి ఎంత ఉన్నా, చివరకు బండిని ఆపేది ఘర్షణయే. దిమ్మకు, చక్రానికి మధ్య, చక్రానికి, పట్టాకు మధ్య ఘర్షణ ఎలా మారుతుందో శాస్త్రీయంగా కొలవడానికి 1878లో కెప్టెన్ డగ్లస్ గాల్టన్ ఇంగ్లాండులో ప్రయోగాలు జరిపాడు. కొలత సాధనాలతో కూడిన ప్రత్యేకమైన పెట్టెను వెస్టింగ్‌హౌస్ సమకూర్చాడు. లండన్ - బ్రైటన్ రైలు మార్గంలో జరిగిన ఈ ప్రయోగాల వలన మూడు ముఖ్య విషయాలు తేలాయి.

మొదటిది: వేగం పెరిగేకొద్దీ దిమ్మకు, చక్రానికి మధ్య ఘర్షణ తగ్గుతుంది. పోత ఇనుప దిమ్మలకు గంటకు 10 మైళ్ళ వేగంలో ఘర్షణ గుణకం సుమారు 0.24 ఉండగా, 60 మైళ్ళ వేగంలో అది సుమారు 0.07కు పడిపోయింది. అనగా ఆపవలసిన అవసరం ఎక్కువైనపుడే బ్రేకు పట్టు తక్కువ.

రెండవది: బ్రేకును ఎక్కువసేపు పట్టి ఉంచితే ఘర్షణ క్రమేణా తగ్గుతుంది.

మూడవది: బ్రేకు మరీ గట్టిగా వేస్తే చక్రం తిరగడం మాని పట్టా మీద జారుతుంది. అపుడు ఆపే బలం పెరగకపోగా చాలా తగ్గిపోతుంది.

దీనిని బట్టి, అధిక వేగంలో బ్రేకును గట్టిగా వేసి, వేగం తగ్గేకొద్దీ ఒత్తిడిని సడలించాలని, చక్రం ఎన్నడూ బిగుసుకొని జారకూడదని స్పష్టమైంది. తరువాత వేగవంతమైన రైళ్ళకై వెస్టింగ్‌హౌస్ కంపెనీ తయారుచేసిన బ్రేకులు ఈ నియమమును అనుసరించాయి. నేటి కార్లలో చక్రం జారకుండా చూచే ఎ.బి.ఎస్. సాధనం చేసే పని కూడా మూడవ నియమానికి చెందినదే.

బర్లింగ్‌టన్ పరీక్షలు

ప్రయాణీకుల రైళ్ళలో విజయం సాధించిన బ్రేకు, పొడవైన సరుకు రైళ్ళలో మాత్రం 1886, 1887 సంవత్సరాలలో అయోవా రాష్ట్రంలోని బర్లింగ్‌టన్ వద్ద జరిగిన పరీక్షలలో ఓడిపోయింది. పరీక్షకు పెట్టినవి 50 పెట్టెల రైళ్ళు. ముందు పెట్టెలకు బ్రేకు పడిన ఎన్నో సెకండ్లకు గాని వెనుక పెట్టెలకు పడలేదు. ఆ మధ్యకాలంలో బ్రేకు పడని వెనుక పెట్టెలు ముందు వాటిని భయంకరంగా గుద్దాయి. పెట్టెలలోని పరీక్షకులు నిలువలేక పడిపోయారు. గాలితో ఈ పని కాదని, విద్యుత్తుతోనే బ్రేకులు వేయాలని పలువురు నిపుణులు అభిప్రాయపడ్డారు.

వెస్టింగ్‌హౌస్ ఓటమిని అంగీకరించి, కవాటమును మళ్ళీ రూపొందించాడు. క్రొత్త కవాటము, గొట్టంలో పీడనం హఠాత్తుగా పడిపోవడం గమనించగానే, తన పెట్టె దగ్గరే కొంత గాలిని గొట్టం నుండి తీసివేస్తుంది. దానివలన పక్క పెట్టె కవాటము తెరచుకుంటుంది. ఇలా ఒకదాని నుండి మరొకదానికి సంకేతం పరుగెత్తి, కొద్ది సెకండ్లలోనే 50వ పెట్టెకు చేరుతుంది. 1887 చివరలో ఈ బ్రేకు అమర్చిన 50 పెట్టెల రైలును పలు నగరాలకు త్రిప్పి అందరి ఎదుట ప్రదర్శించాడు. అంతకు మునుపు గుద్దుకున్న పెట్టెలు ఈసారి కుదుపు లేకుండా ఆగాయి.

అయోవాకు చెందిన లొరెంజో కాఫిన్ అను రైతు, బ్రేకుమెన్ మరణాలను చూచి చలించి, ఎన్నో ఏండ్లు ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ రైలు భద్రతా సాధనాల చట్టంపై సంతకం చేశాడు. రైళ్ళకు డ్రైవరు అదుపులో ఉండే బ్రేకులు, పెట్టెలకు వాటంతటవే తగులుకొనే కొక్కేలు తప్పనిసరి అయ్యాయి. గడువు పొడిగింపుల తరువాత 1900లో చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. పెట్టెల కప్పుల మీద బ్రేకు వేయుటకై పరుగెత్తవలసిన అవసరం క్రమంగా అంతరించింది.

విద్యుత్ రంగము

వెస్టింగ్‌హౌస్ 1881లో రైలు సిగ్నళ్ళ కంపెనీని నెలకొల్పాడు. 1884లో పిట్స్‌బర్గ్‌లోని తన ఇంటి ఆవరణలోనే సహజ వాయువు బావిని త్రవ్వించి, ఆ వాయువును ఇండ్లకు సురక్షితంగా పంపే పద్ధతులపై అనేక పేటెంట్లు పొందాడు. అధిక పీడనంతో దూరం పంపి, ఇంటి దగ్గర పీడనం తగ్గించి వాడుకొనే ఈ అనుభవం విద్యుత్ రంగంలోనూ ఉపకరించింది.

అప్పటికి థామస్ ఎడిసన్ ఏకముఖ విద్యుత్తును సరఫరా చేస్తున్నాడు. అది ఒకటి రెండు మైళ్ళకు మించి లాభసాటిగా పోయేది కాదు. ఏకాంతర విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరుతో అధిక వోల్టేజికి పెంచి దూరం పంపవచ్చని వెస్టింగ్‌హౌస్ గ్రహించాడు. ఐరోపాకు చెందిన గాలార్డ్, గిబ్స్‌ల ట్రాన్స్‌ఫార్మరు హక్కులు కొన్నాడు. 1886లో విద్యుత్ కంపెనీని స్థాపించాడు. అదే సంవత్సరం విలియం స్టాన్లీ, గ్రేట్ బారింగ్‌టన్ పట్టణంలో ఈ పద్ధతిని విజయవంతంగా నడిపి చూపాడు. 1888లో నికోలా టెస్లా పేటెంట్ల హక్కులను పొందాడు. ఏకాంతర విద్యుత్తు ప్రాణాంతకమని ఎడిసన్ వర్గం ప్రచారం చేసినా, 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనకు దీపాలు వెలిగించే అవకాశం వెస్టింగ్‌హౌస్‌కే దక్కింది. నయాగరా జలపాతం వద్ద అతని కంపెనీ నిర్మించిన జనరేటర్లు 1895లో పనిచేయడం ప్రారంభించాయి. 1896 నవంబరులో అక్కడి విద్యుత్తు బఫెలో నగరానికి చేరింది.

చివరి దశ

1907లో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో విద్యుత్ కంపెనీ అప్పుల పాలై, దాని పెత్తనం వెస్టింగ్‌హౌస్ చేయి దాటిపోయింది. 1911 నాటికి ఆ కంపెనీతో అతని సంబంధం పూర్తిగా తెగిపోయింది. బ్రేకుల కంపెనీ మాత్రం ఆ సంక్షోభమును తట్టుకొని నిలిచింది. ఆ తరువాత కూడా అతడు పరిశోధనలు మానలేదు. అప్పుడే వాడుకలోకి వస్తున్న మోటారు కార్లకు, గాలితో కుదుపులను అణచే సాధనమును తయారుచేశాడు.

1914 మార్చి 12న న్యూయార్క్ నగరంలో మరణించాడు. భార్య మార్గరెట్ ఆ తరువాత మూడు నెలలకే కన్నుమూసింది. అంతర్యుద్ధ సైనికుడు అయినందున ఇతనికి ఆర్లింగ్‌టన్ జాతీయ శ్మశానవాటికలో స్థానం లభించింది. దంపతులిద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి.

భారతీయ రైల్వేలలో వాయు బ్రేకు

భారతదేశంలో బ్రిటిష్ సంప్రదాయమును అనుసరించి చిరకాలము స్వయంచాలక వాక్యూమ్ బ్రేకు వాడుకలో ఉండేది. రైళ్ళ పొడవు, బరువు, వేగం పెరిగిన కొద్దీ దాని శక్తి చాలక, ఇరవయ్యవ శతాబ్ది చివరి దశకాలలో వాయు బ్రేకులకు మారడం జరిగింది. బ్రేకు గొట్టంలో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటుంది. ప్రయాణీకులు ఆపదలో గొలుసు లాగినపుడు జరిగేది కూడా ఇదే: గొట్టంలోని గాలి బయటకు పోయి, పీడనం తగ్గి, బ్రేకులు పడతాయి. రైలు బయలుదేరే ముందు చివరి పెట్టె వరకు పీడనం చేరిందా లేదా అని సిబ్బంది పరీక్షిస్తారు.

రోడ్డు మీద లాగుడు బండ్లు

వెస్టింగ్‌హౌస్ మరణించేనాటికి కారు వెనుక విడిది బండిని తగిలించుకొని విహారానికి పోయే అలవాటు ఇంకా శైశవదశలోనే ఉంది. అయితే రైలు పెట్టెలకు అతడు పరిష్కరించిన సమస్యలే ఈ బండ్లకూ ఎదురవుతాయి.

కదిలే బండిలోని గతిజ శక్తి దాని బరువును బట్టి, వేగం యొక్క వర్గమును బట్టి ఉంటుంది. 1,500 కిలోల కారుకు 1,500 కిలోల బండిని తగిలిస్తే అదే వేగంలో బ్రేకులు హరించవలసిన శక్తి రెట్టింపవుతుంది. వేగం గంటకు 50 నుండి 100 కిలోమీటర్లకు పెరిగితే అది నాలుగింతలవుతుంది. ఈ శక్తి అంతా బ్రేకులలో వేడిగా మారుతుంది. బండికి సొంత బ్రేకు లేకపోతే భారమంతా కారు బ్రేకుల మీద పడడమే కాక, బర్లింగ్‌టన్‌లో వలె వెనుకది ముందుదానిని నెడుతుంది. మలుపులో అయితే రెండూ కత్తి మడిచినట్లు మడతపడతాయి. అందుచేత ఐరోపా సమాజ దేశాలలో మొత్తం బరువు 750 కిలోలు మించిన లాగుడు బండికి సొంత బ్రేకులు తప్పనిసరి. అమెరికాలో విడిది బండ్లకు ఎక్కువగా విద్యుత్ బ్రేకులు, ఐరోపాలో బండి ముందుకు నెట్టే బలంతోనే పనిచేసే బ్రేకులు అమరుస్తారు. కొక్కెం ఊడిపోతే తీగ లాగబడి బండి బ్రేకు దానంతటదే పడే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇది 1872 నాటి సూత్రమే. పెద్ద లారీల ట్రైలర్లలో గాలి గొట్టం తెగితే బ్రేకులు పడడం కూడా దీని నుండి వచ్చినదే.

గాల్టన్ పరీక్షలు తెలిపిన ఘర్షణ క్షీణత కారు బ్రేకు ప్యాడ్ల ఎంపికలోనూ ముఖ్యం. బరువు లాగే కారుకు, వేడెక్కినా పట్టు తగ్గని ప్యాడ్లు కావాలి. సేంద్రియ పదార్థాలతో చేసిన మెత్తని ప్యాడ్లు నిశ్శబ్దంగా పనిచేస్తాయి గాని అధిక వేడిలో పట్టు త్వరగా కోల్పోతాయి. లోహపు పొడి, నార కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి. అవి కొంత శబ్దం చేస్తాయి, డిస్కును కొంత ఎక్కువగా అరగదీస్తాయి. సెరామిక్ ప్యాడ్లు మన్నికైనవి, పొడి తక్కువ రాలుస్తాయి. అయితే అన్ని రకాల సెరామిక్ ప్యాడ్లు భారీ బరువులకు ఉద్దేశించినవి కావు. ఏ రకమైనా వాహన తయారీదారు సూచించిన ప్రమాణానికి సరిపడి, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకేసారి మార్చబడాలి.

దీర్ఘమైన పల్లపు దారిలో బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. బ్రేకు ద్రవం మరిగితే పెడలు మెత్తబడి లోపలికి పోతుంది. కనుక పల్లం మొదలయ్యే ముందే తక్కువ గేరుకు మారి, వేగం పెరిగినపుడు బ్రేకును కొద్దిసేపు గట్టిగా వేసి పూర్తిగా విడువడం శ్రేయస్కరం. ముందు వాహనానికి మామూలు కంటె ఎక్కువ దూరం పాటించాలి. రైలు బయలుదేరే ముందు సిబ్బంది చేసే పరీక్ష వలెనే, ప్రయాణానికి ముందు నెమ్మదిగా నడిపి బండి బ్రేకును పరీక్షించాలి.

గౌరవములు, వారసత్వము

వెస్టింగ్‌హౌస్ 1910లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఏకాంతర విద్యుత్తు విషయంలో చేసిన కృషికి 1911 సంవత్సరపు ఎడిసన్ పతకం ఇతనికి లభించింది. ఏ ఎడిసన్‌తో పోటీ పడ్డాడో ఆయన పేరిట నెలకొల్పిన పతకమే ఇతనిని వరించడం విశేషం. 1930లో పిట్స్‌బర్గ్‌లోని షెన్లీ పార్కులో ఇతని స్మారక చిహ్నం ఆవిష్కరించబడింది. ఇతడు 1869లో స్థాపించిన బ్రేకుల కంపెనీ 1999లో మరొక సంస్థతో కలిసి వాబ్‌టెక్ అను పేరుతో కొనసాగుతున్నది.

జీవితంలో ముఖ్య ఘట్టాలు

1846 - సెంట్రల్ బ్రిడ్జిలో జననం
1865 - తొలి పేటెంటు
1867 - మార్గరెట్ వాకర్‌తో వివాహం
1869 - వాయు బ్రేకు పేటెంటు, బ్రేకుల కంపెనీ స్థాపన
1872 - స్వయంచాలక బ్రేకు
1878 - గాల్టన్ ఘర్షణ ప్రయోగాలకు సహకారం
1886 - విద్యుత్ కంపెనీ స్థాపన
1887 - పొడవైన సరుకు రైళ్ళకు శీఘ్ర బ్రేకు కవాటము
1893 - రైలు భద్రతా సాధనాల చట్టం, చికాగో ప్రదర్శన
1895 - నయాగరా విద్యుత్ కేంద్రం ప్రారంభం
1907 - విద్యుత్ కంపెనీ పెత్తనం కోల్పోవుట
1914 - న్యూయార్క్‌లో మరణం